దుర్బలదేహములయందు బూజురోగములు
(శ్రీరాంపూర్ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మన మహాసభలయందు విద్యానిధిని గుఱించియు, విద్యార్థివసతిగృహమును గుఱించియు, వివాహములలోని వృథావ్యయమును గుఱించియు ప్రసంగించుట పరిపాటి. ఈ యేడు వైద్యవిషయమొకటి చెప్పుడని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. గుండెజబ్బును గుఱించియో, క్షయను గుఱించియో చెప్పుదుమని వారు తలంచియుందురు. మేము బూజును గుఱించి చెప్పదలచితిమి. పచ్చడిజాడీలో పుట్టు బూజునకు మహాసభలో నేమి పనియని కొందఱు నవ్వవచ్చును. 2021వ సంవత్సరపు వైశాఖ జ్యేష్ఠమాసములను మఱవనివారు మాత్రము నవ్వరు.

కోవిడు రెండవమాఱు విజృంభించిన యా దినములలో, జ్వరము నెమ్మదించి యింటికి వచ్చినవారిలో కొందఱికి పది పదునైదు దినములలో ముఖమొకవైపు వాచుటయు, ముక్కు మూసికొనుటయు, కన్ను ముందునకు పొడుచుకొనివచ్చుటయు మొదలయ్యెను. పత్రికలు దీనికి ‘బ్లాక్ ఫంగస్’ అని పేరు పెట్టినవి. 2021 మే 20వ తేదీన తెలంగాణ ప్రభుత్వము 1897 నాటి అంటువ్యాధుల చట్టము ననుసరించి, ఈ రోగము కనబడినచో ప్రతి ఆసుపత్రియు ప్రభుత్వమునకు తెలియజేయవలసినదని యుత్తరువు చేసెను. హైదరాబాదున కోఠియందలి చెవి ముక్కు గొంతు ఆసుపత్రి దీనికి ప్రధానచికిత్సాస్థానమయ్యెను. జూన్ 28 నాటికి దేశమంతట 40,845 మంది రోగులు నమోదైరని కేంద్ర ఆరోగ్యమంత్రి వెల్లడించెను. మృతులు 3,129 మంది. ఆ రోగులలో 34,940 మందికి కోవిడు వచ్చియుండెను. 26,187 మందికి మధుమేహముండెను. 21,523 మంది స్టిరాయిడులు పుచ్చుకొన్నవారు. పదునెనిమిది మొదలు నలువదియైదేండ్ల ప్రాయమువారే 13,083 మంది యుండిరనిన, ఇది ముదుసళ్ల రోగమని యుపేక్షింపదగినది కాదని తెలియుచున్నది.

ఈ యంకెలను మహాసభవారు మఱియొకసారి చిత్తగింపవలెనని మా మనవి. నూటికి అఱువదినలుగురు మధుమేహులు. ఇచ్చటి కాలనీలలో ‘షుగరు’ అని పిలువబడు నా రోగము లేని యిల్లు మన బంధువర్గమున నెన్ని గలవో యెవరికివారే లెక్కించుకొనవచ్చును. మా ప్రసంగమునకు కారణమదియే.

వైద్యశాస్త్రమున దీనిపేరు మ్యూకర్‌మైకోసిస్. ఇది క్రొత్త రోగము కాదు. పాల్టౌఫ్ అను వైద్యుడు 1885లోనే మనుష్యదేహమున దీనిని వర్ణించియుండెను. అన్యదేశములలో వైద్యులు జీవితకాలమున ఒకటి రెండు పర్యాయములు మాత్రము చూచు నీ రోగము మనదేశమున కోవిడునకు పూర్వమే తఱచుగా నుండెడిది. చండీగఢునందలి వైద్యవిద్యాసంస్థలో డాక్టరు అరుణాలోక్ చక్రవర్తిగారు మొదలగువారు దీనిని గుఱించి దశాబ్దములుగా వ్రాయుచునే యుండిరి. వినినవారు తక్కువ.

దీనికి మూలమైన బూజు మన యింటిలోనిదే. రొట్టెముక్కను తడిచేతితో ముట్టి, మూతపెట్టి మూడు దినములుంచినచో దానిపై బూడిదవన్నె నూగు లేచును. రైజోపస్ అను జాతి యిట్టిదే. పెంటకుప్పలయందును, కుళ్లిన యాకులయందును, మ్రగ్గి చెడిన పండ్లయందును, తడిమన్నునందును ఇది వర్ధిల్లును. దీని విత్తులవంటి రేణువులు గాలిలో నెల్లెడల నున్నవి. ఈ సభామందిరమున కూర్చున్న మనమందఱము ఈ క్షణమున వానిని పీల్చుచునే యున్నాము. భయపడవలసిన పనిలేదు. ఆరోగ్యవంతుని దేహమున తెల్లరక్తకణములు వానిని ముక్కుపొరలయందే పట్టి చంపివేయును. ఒకరినుండి యొకరికి ఇది అంటుకొనదు. ఆ వేసవిలో రోగి పళ్లెమును వేఱుపెట్టినవారును, ఆ గదిలోనికి పిల్లలను పోనీయనివారును తెలియక చేసిరి.

మఱి మధుమేహుని దేహమున నేమి జరుగుచున్నది? రక్తమున చక్కెర మితిమీరినప్పుడు తెల్లకణములు మందగించును. చక్కెరవ్యాధి ముదిరి రక్తము పులిసినట్లయి ఆమ్లభరితమైనపుడు, మాంసకృత్తులతో బంధింపబడియున్న యినుము విడివడును. ఈ బూజునకు ఇనుము మిక్కిలి ప్రియమైన యాహారము. కాపలావాడు నిద్రించుచుండగా గాదెతలుపు తెఱచిపెట్టినట్లగును. ఇట్టి సమయమున స్టిరాయిడు కూడ లోపలికి పోయినచో, అది చక్కెరను హెచ్చించును, తెల్లకణములను ఇంకను మందగింపజేయును. బూజు ముక్కునుండి ముఖాస్థులలోని గదులలోనికిని, అచ్చటినుండి కంటిగుంటలోనికిని, తుదకు మెదడులోనికిని రక్తనాళములవెంబడి ప్రాకును. ప్రాకినచోట నాళములలో రక్తము గడ్డకట్టి, ఆ పైభాగమున మాంసము చచ్చి నల్లబడును.

ఇచ్చట రంగును గుఱించి యొకమాట. బూజు నల్లనిది కాదు. నల్లనిది చచ్చిన మాంసము. ఇది తెలియక ఆ దినములలో ఉల్లిగడ్డలపొట్టుపై నున్న నల్లని మసి ఈ రోగమే యని యొక వదంతి ఊరూరను తిరిగెను. ఉల్లిగడ్డపై మసి ఆస్పర్‌జిల్లస్ నైజర్ అను వేఱు బూజు. కడిగి పొట్టు తీసినచో పోవును. ఎందఱో యిల్లాండ్రు గంపలకొలది ఉల్లిగడ్డలను పాఱబోసిరి. ఆ యిండ్లలోనే చక్కెర పరీక్షించు యంత్రము లేకుండెను. బొగ్గుబాయి పనివారిలో వయసు మీఱినవారు వేఱొక సందేహము నడిగిరి. పాత బాయిలలో కప్పునకు నిలిపిన కఱ్ఱస్తంభములపై దూదివలె తెల్లగా అల్లుకొనెడి బూజే ఇదియా యని. అది కఱ్ఱను తిను బూజు. దీనితో దానికి సంబంధము లేదు.

బాయిలో పనిచేయువారు ఎఱుగవలసిన బూజు ఇంకొకటి యున్నది. ఉత్తరహిందూస్థానమున మామిడితోటమన్నునుండి తీసి 1979లో శాస్త్రజ్ఞులు వర్ణించిన అపోఫిసోమైసిస్ అను జాతి, మన్ను చేరిన గాయములద్వారా ఆరోగ్యవంతులకు గూడ సోకగలదు. ప్రమాదములో మాంసము నలిగి మన్ను దూరిన పుండు, మందులు పడుచున్నను దినదినము నలుపెక్కి విస్తరించుచున్నచో, ఆ ముక్కను బూజుపరీక్షకు పంపుడని కట్టుకట్టు వైద్యుని అడుగుటకు వెఱవరాదు.

స్టిరాయిడును మేము నిందించుచున్నామని యెవరును భావింపవలదు. 2020 జూన్‌లో ఇంగ్లండున రికవరీ యను పేరిట జరిగిన పరీక్షయందు, ప్రాణవాయువు పెట్టవలసివచ్చిన కోవిడు రోగులకు డెక్సామెథసోను దినమునకు ఆఱు మిల్లీగ్రాములచొప్పున పది దినములకు మించకుండ ఇచ్చినచో మరణములు తగ్గునని తేలినది. కృత్రిమశ్వాసపై నున్నవారిలో మూడవవంతు మరణములు తగ్గినవి. అదే పరీక్షయందు, ప్రాణవాయువు అవసరము లేనివారికి ఆ మందువలన లాభమేమియు కనబడలేదు. ఈ రెండవవాక్యము మన పల్లెలకు చేరలేదు. మొదటి వాక్యముమాత్రము చేరినది. దగ్గు వచ్చిన మొదటిదినముననే స్టిరాయిడు మాత్రలు మ్రింగినవారును, పదిదినములకు వ్రాసియిచ్చిన చీటీతో నెలదినములు దుకాణమున కొన్నవారును అసంఖ్యాకులు. హైదరాబాదునందలి నేత్రవైద్యులు డాక్టరు సంతోష్ హోనావర్‌గారు మొదలగువారు దేశమునందలి 2,826 మంది రోగుల వృత్తాంతమును 2021లో ప్రకటించిరి. వారిలో నూటికి 87 మంది స్టిరాయిడులు వాడినవారు. 78 మంది మధుమేహులు.

మే మెఱిగిన యొక బొగ్గుబాయి పనివాని వృత్తాంతము చెప్పుదుము. పదవీవిరమణము చేసి నాలుగేండ్లయినది. షుగరునకు మాత్రలు వేసికొనువాడే. కాని ముప్పదియేండ్లు మూడు షిఫ్టులలో మాఱి మాఱి పనిచేసిన దేహము, భోజనమునకు వేళయెఱుగదు, మాత్రకును వేళయెఱుగదు. కోవిడు వచ్చి యింటనే యుండెను. ప్రాణవాయువు అక్కఱకు రాలేదు. వీధివైద్యుడొకడు ఇంజక్షనులు పొడిచెను. పదునాలుగవదినమున ఎడమదవడ నొప్పి. పంటినొప్పి యని పన్ను పీకించుకొనెను. పీకినచోట మానక అంగిలి నల్లబడెను. పిమ్మట కన్ను వాచెను. హైదరాబాదు చేరి, ఆసుపత్రిలో మంచము దొరకునప్పటికి ఇంకను నాలుగుదినములు గడచినవి. ప్రాణము దక్కినది, ఎడమకన్నును, పైదవడలో సగమును పోయినవి. నేటి సభకు రమ్మని మేము స్వయముగా పిలిచితిమి. “నన్ను జూస్తె పోరగాండ్లు బుగులువడుతరు సారూ” అని యాయన రాలేదు. పెండ్లిండ్లకును పోవుట మానివేసెనట.

ఇట్టివారికి కృత్రిమముగా కన్నును, అంగిలిని మూయు పళ్లెమును అమర్చువారు దంతకళాశాలలలోను, నేత్రవైద్యశాలలలోను కలరు. ఆ పళ్లెము అమరినచో మాట స్పష్టమగును, త్రాగిన నీరు ముక్కులోనికి రాదు, నలుగురిలో కూర్చుండి భోజనము చేయవచ్చును. ప్రాణము నిలుపుటకు లక్షలు ధారపోసిన కుటుంబమునకు ఆ తరువాతి యీ స్వల్పవ్యయమునకు చేయి యాడదు. సంఘము తలచుకొనవలసిన చోటిది.

గుర్తులను సోదరీమణులు ముఖ్యముగా వినవలెను. ఇంట రోగిముఖమును దినదినము చూచువారు వారే. ముఖమున ఒకవైపుమాత్రమే నొప్పియో, తిమ్మిరియో, వాపో కలుగుట, ముక్కు ఒకరంధ్రము మూసికొని నెత్తురుతోగాని నలుపుతోగాని కూడిన చీమిడి వచ్చుట, కారణములేక పైదంతములు కదలుట, అంగిలిపై నల్లమచ్చ, కనురెప్ప వ్రాలుట, ఒకవస్తువు రెండుగా కనబడుట. చక్కెరవ్యాధియో, స్టిరాయిడువాడుకయో ఉన్నవానికి వీనిలో ఏ యొక్కటి కలిగినను మఱునాటివఱకు ఆగరాదు. ముక్కులోనుండి చిన్నముక్క తీసి, పొటాసియం హైడ్రాక్సైడు ద్రావకమున నుంచి సూక్ష్మదర్శినిక్రింద చూచినచో, వెడల్పైన పట్టీలవంటి పోగులు లంబకోణముగా కొమ్మలువేసి కనబడును. దీనికి గంటసేపు చాలును. 2022 నవంబరు 15న మంచిర్యాలలోను రామగుండములోను ప్రభుత్వవైద్యకళాశాలలు ప్రారంభమైనవి. ప్రతిదానికి హైదరాబాదుదాక పరుగెత్తవలసిన కాలము మనకు కొంత తీరినది.

చికిత్స మూడు పనులు ఏకకాలమున జరుపవలెను: చక్కెరను లొంగదీయుట, చచ్చిన మాంసమును శస్త్రముతో తొలగించుట, ఆంఫొటెరిసిన్-బి యను మందును నరములలోనికి ఎక్కించుట. నాళములు మూసికొనిపోయినచోటికి మందు రక్తముద్వారా చేరదు గనుక శస్త్రచికిత్స లేక మందుమాత్రము చాలదు. ఈ మందు దక్షిణామెరికాయందు వెనిజులాదేశమున ఓరినోకోనదీప్రాంతపు మన్నునందలి సూక్ష్మజీవినుండి 1950 తరువాతి దశకమున లభించినది. పాతరకము మూత్రపిండములను పాడుచేయుటయు, రక్తమున పొటాసియమును తగ్గించుటయు కలదు. క్రొవ్వుబిందువులలో పొదిగిన క్రొత్తరకము కొంత సౌమ్యమైనది, ఖరీదు మాత్రము మెండు. లెక్క చూడుడు. కిలోకు ఐదు మిల్లీగ్రాములచొప్పున అఱువదికిలోల మనిషికి దినమునకు మూడువందల మిల్లీగ్రాములు. సీసాకు ఏబదియే. దినమునకు ఆఱు సీసాలు, మూడువారములకు నూటయిరువదియాఱు. 2021 మే నెలలో ఆఱు సీసాలకొఱకే కుటుంబములు ఊరూరు తిరిగినవి. కొఱత యంతటిది గనుక కేంద్రప్రభుత్వము రాష్ట్రములకు వంతులువేసి పంచవలసివచ్చెను. జూన్ 12న దానిపై వస్తుసేవాపన్నును ఎత్తివేసిరి. ఆంధ్రప్రదేశప్రభుత్వము మే నెలలోనే ఈ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చినది మెచ్చదగినపని.

మ్యూకరు ఒక్కటియే కాదు. 2022 అక్టోబరులో ప్రపంచారోగ్యసంస్థ మనుష్యులకు ప్రమాదకరములైన పందొమ్మిది బూజుల పట్టికను మొదటిసారిగా ప్రకటించినది. అందులో మన బొగ్గుబాయి ప్రాంతమున మేము ముఖ్యమని తలంచునది ఆస్పర్‌జిల్లస్. క్షయవచ్చి మానినవాని ఊపిరితిత్తులలో గూడువంటి ఖాళీ మిగులుట కలదు. ఆ గూటిలో ఈ బూజు బంతివలె చుట్టుకొని పెరుగును. ఏండ్ల తరువాత మఱల దగ్గు, చిక్కిపోవుట, దగ్గులో నెత్తురు. క్షయ తిరుగబెట్టినదని మఱల క్షయమందులే మ్రింగుచుందురు. గళ్లలో క్షయక్రిములు లేవని పరీక్ష చెప్పినను, పాతచిత్రములో గూడున్నదిగదా యని మందు సాగింతురు. అట్టివారికి ఛాతీ సి.టి. చిత్రమును, ఆస్పర్‌జిల్లస్ రక్తపరీక్షయు చేయించినచో సంగతి తేలును. ఇట్రాకొనజోల్ అను మాత్ర ఆఱునెలలకు తక్కువకాకుండ వాడవలసియుండును. దుమ్ములో పనిచేసి క్షయపాలైన పాతకార్మికులు మనలో నెందఱో గలరు.

హెచ్.ఐ.వి. గలవారికి క్రిప్టోకాకస్ అను బూజు మెదడుపొరలకు సోకును. ఇది పావురములరెట్టయందు మెండుగా నుండును. వారములతరబడి విడువని తలనొప్పియే దీని మొదటిగుర్తు. రక్తమున చిన్నపరీక్షతో ముందే కనిపెట్టవచ్చును. ఈ రోగులు సిగ్గుచేత నోరు మెదపరు. ఇంతకంటె ఈ సభలో విస్తరింపము.

దుర్బలత్వము రోగమువలననే కాక మందువలనను కలుగునంటిమి. దీనిని చెప్పునప్పుడు తెలుగువాడైన యొక మహనీయుని తలంపక యుండజాలము. 1895లో భీమవరమున జన్మించి, అమెరికాయందు లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనాధ్యక్షుడై 1948లో దివంగతుడైన డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము కల్పించిన మందులలో అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్ ముఖ్యమైనవి. రక్తపుకాన్సరు సోకిన పిల్లలకు సిడ్నీ ఫార్బర్ మొదట వాడినది అమినాప్టెరిన్. మెథోట్రెక్సేట్‌ను నేడు కీళ్లవాతమునకు విస్తారముగా వాడుచున్నారు. ఆ మందు రోగనిరోధకశక్తిని తగ్గించియే పనిచేయును. కీళ్లవాతమునకు దానిని వారమునకు ఒక్కదినము మాత్రమే మ్రింగవలెను. చీటీ చదువలేక దినమును మ్రింగి, నోరంతయు పూసి, తెల్లకణములు క్షీణించి ప్రాణముమీదికి తెచ్చుకొన్నవారు కలరు. ఇంట ముసలివారికి ఈ మాత్రయున్నచో, మ్రింగవలసిన వారమును డబ్బాపై తెలుగున పెద్దయక్షరములతో వ్రాసి యంటింపుడు. శిలీంధ్రశాస్త్రజ్ఞుడు హెసెల్టైన్ 1953లో తాను వర్ణించిన యొక బూజుజాతికి సుబ్బారావుగారి గౌరవార్థము ‘సుబ్బరోమైసిస్’ అని నామకరణము చేసెను. ఆయన పేరు మన పిల్లల పాఠపుస్తకములకంటె బూజుల పట్టికలో భద్రముగా నున్నదని మేమనినచో అతిశయోక్తి కాదనుకొందుము.

మూత్రపిండము మార్పించుకొన్నవారును, కాన్సరునకు మందెక్కించుకొనువారును ఇదే కోవకు చేరుదురు. వారు పెంటకుప్పలు తిరుగవేయుట, పాతయిండ్లు కూల్చుచోట నిలుచుట, బూజుపట్టిన ధాన్యమును చెఱుగుట మానవలెను. మానలేనప్పుడు ముక్కునకు నోటికి గట్టి ముసుగు కట్టుకొనవలెను. మాంసాహారము మానుడనియో, చన్నీళ్లు మానుడనియో బంధువులు చెప్పు పథ్యములకు ఈ బూజుతో సంబంధము లేదు.

ఇక కార్యమునకు వత్తుము. మహాసభవారియెదుట మా ప్రార్థనలివి. ప్రతినెల మొదటి ఆదివారమున మన సంఘకార్యస్థానమున రక్తములో చక్కెర పరీక్షించు ఏర్పాటు చేయవలెను. యంత్రము ఖరీదు స్వల్పము. సూదులు, పట్టీలు ఎప్పటికప్పుడు కొనుటయే ఖర్చు. నైట్ షిఫ్టు దిగివచ్చువారికి వీలుగా ఉదయము ఆఱుగంటలకే తలుపు తెఱవవలెను. మూడునెలల సగటు చక్కెర తెలుపు పరీక్షను ఏడాదికి రెండుసార్లయినను చేయించుకొన్నవారి పేర్లు పుస్తకమున వ్రాసియుంచిన మంచిది. స్టిరాయిడు వాడుచున్నవారు, మందు ముగియువఱకు, దినమునకు రెండుసార్లు వచ్చి చూపించుకొనవలెను. ఇందుకు ఇద్దఱు యువకులు ముందునకు వచ్చిరని కార్యదర్శిగారు తెలిపినారు.

రెండవది నిధి. ఆసుపత్రిలో చేరినపిదప ప్రభుత్వపథకముల కాగితములు కదలుటకు కొన్నిదినములు పట్టును. ఈ రోగమున ఆ దినములే ప్రాణము. కావున మొదటి మూడుదినముల మందునకు చాలునంత మొత్తమును సంఘము అప్పుగా ఇచ్చి, పథకముద్వారా సొమ్ము వచ్చినపిదప తిరిగి పుచ్చుకొనవలెనని మా సూచన. దానముగా నిచ్చిన నిధి రెండేండ్లలో ఎండిపోవును. పోయిన మహాసభలో వసతిగృహమునకు గదులు కట్టించిన పోషకులను దీనికి మరల అడుగుటకు మాకు మొగమాటముగానే యున్నది, అయినను అడుగుచున్నాము. అంగిలిపళ్లెమును, కృత్రిమనేత్రమును అమర్చుటకగు వ్యయముమాత్రము అప్పుగా కాక, పూర్తిగా సంఘమే భరింపవలెను. అట్టివారు మన సభ్యకుటుంబములలో ముగ్గురు గలరని మాకు తెలియును. వారి పేర్లు మేము కోశాధికారిగారికి మాత్రమే చెప్పితిమి.

ఈ సాయంకాలము భోజనములకు పూర్వము కోశాధికారిగారు వేదికకు కుడివైపు బల్లయొద్ద నిధిపుస్తకము తెఱచికొని కూర్చుందురు. చక్కెరపరీక్ష యంత్రము కూడ అదే బల్లపై నున్నది.